నాన్నకు బ్లడ్ క్యాన్సర్ వస్తే పిల్లలకూ వస్తుందా? బరువు తగ్గితే ముప్పు తగ్గుతుందా?

ప్రొద్దుటూరు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆయన వయసు 36. బట్టల అంగడి నడుపుతున్నారు, పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చునే పని. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 94 కిలోలు. వాళ్ల నాన్నకు 64 ఏళ్ల వయసులో మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో పుట్టే ఒక రకం రక్త క్యాన్సర్) అని తేలింది, పోయిన ఏడాది చనిపోయారు. ఇప్పుడు చెల్లెలికి మాట్లాడుకున్న సంబంధంవాళ్లు 'రక్తంలో జబ్బు, రేపు పిల్లలకూ వస్తాదేమో' అని వెనకాడుతున్నారు. ఆయన అడిగినవి మూడు. ఇది వంశపారంపర్యమా? లావుగా ఉన్నందుకు నాకు ముప్పు ఎక్కువా? జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

నేను కర్నూల్లో రక్తవ్యాధుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఆదోని, డోన్, గుత్తి, నంద్యాల, జమ్మలమడుగు వైపు నుంచి వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఈ ప్రశ్నలు దాదాపు ప్రతి కుటుంబమూ అడుగుతుంది. రోగి ముందు అడగడానికి మనసొప్పక, బయట వరండాలో నన్ను ఆపి 'సార్, మా నాయనకు వచ్చింది, మాకూ వస్తాదా?' అని మెల్లగా అడుగుతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. మీ నాన్నకు వచ్చిన జబ్బు మీకు వచ్చే అవకాశం మామూలు మనిషికంటే కాస్త ఎక్కువ, అయినా మొత్తం మీద చాలా తక్కువ. మీ బరువు దానికి ఇంకొంచెం కలుపుతుంది. మీ చేతిలో ఉన్నది ఆ రెండోదే. జీన్ టెస్ట్ మీకు అవసరం లేదు. మీ చెల్లెలి పెళ్లి ఈ కారణంతో ఆగాల్సిన పని అస్సలు లేదు.

ఇప్పుడు కారణాలు చెబుతాను.

మైలోమా వచ్చినవాళ్ల తోబుట్టువులకూ పిల్లలకూ అదే జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు రెండు రెట్లు ఉంటుంది. 'రెండు రెట్లు' అని వినగానే గుండె జారుతుంది, నిజమే. కానీ దేనికి రెండు రెట్లో చూడాలి. మన దేశంలో 75 ఏళ్లు నిండేలోపు మైలోమా వచ్చేది దాదాపు వెయ్యి మందిలో ఒకరికి. రెట్టింపు చేస్తే ఇద్దరు. అంటే మీలాగే తండ్రికి మైలోమా వచ్చిన వెయ్యి మందిని తీసుకుంటే, 998 మందికి ఆ వయసులోపు ఆ జబ్బు రాదు. ఈ లెక్క కాగితం మీద రాసి చూపించాక చాలామంది ముఖాల్లో రంగు మారడం చూశాను. రెట్లు ఒక్కటే చెప్పి, అసలు సంఖ్య చెప్పకుండా వదిలేసే వీడియోలు చూసి నిద్ర పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

ఇక అసలు గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, రిపోర్టు దగ్గర. మీ నాన్న ఫైల్లో బోన్ మ్యారో పరీక్షతో పాటు ఫిష్ రిపోర్టు (క్రోమోజోముల్లో తేడాలు చూసే పరీక్షది) ఒకటి ఉండి ఉంటుంది. అందులో '13వ క్రోమోజోము డిలీషన్' (కొంత భాగం లేకపోవడం) అనో, 'ట్రాన్స్‌లొకేషన్' (ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కోవడం) అనో రాసి ఉంటుంది. క్రోమోజోములో లోపం అంటే పుట్టుకతో వచ్చిందే, మాకూ ఉంటుంది అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అలా కాదు. ఆ లోపం మీ నాన్న ఎముక మజ్జలోని ఒక కణంలో, ఆయన పెద్దయ్యాక ఎప్పుడో ఏర్పడింది. ఆ కణం పెరిగి పెరిగి గుంపయింది. ఆ లోపం ఆ గుంపులోనే ఉంటుంది. ఆయన చర్మంలో లేదు, గుండెలో లేదు, మీరు పుట్టడానికి కారణమైన వీర్యకణంలో లేదు. శనక్కాయ చేలో ఒక మొక్కకు నడిమధ్యలో ఆకుమచ్చ తెగులు పడితే అది విత్తనంలో ఉన్న లోపం కాదు కదా, అలాంటిదే ఇది.

దీనికి అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాల్లో అసాధారణంగా చిన్నగా ఉన్న ఒక క్రోమోజోమును గుర్తించారు. అందుకే దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోము అని పేరు. 9వ క్రోమోజోము ముక్క 22వ దానికి, 22వ దాని ముక్క 9వ దానికి అతుక్కోవడం వల్ల అలా అవుతుందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. సీఎంఎల్ ఉన్న ప్రతి ఒక్కరిలోనూ ఈ అతుకు ఉంటుంది. అంత స్పష్టమైన జన్యులోపం అయినా అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, పిల్లలకు పోయేదీ కాదు. మా దగ్గర ఏళ్ల తరబడి ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటూ పనులు చేసుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో పెళ్లయి పిల్లలున్న మగవాళ్లూ ఉన్నారు, ఆ పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు. (ఆడవాళ్లు మాత్రం ఈ మాత్ర మీద ఉండగా గర్భం దాల్చకూడదు. ముందే డాక్టరుతో మాట్లాడి ప్లాన్ చేసుకోవాలి.)

ఇంకో విషయం చెప్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఏడాది లోపు వయసున్న కవల పిల్లల్లో, ఒకేలా ఉండే కవలల్లో, ఒకరికి లుకేమియా వస్తే రెండో బిడ్డకూ రావడం దాదాపు ఖాయం. ఇది వినగానే వంశపారంపర్యం అనిపిస్తుంది. కానీ పరిశోధించి చూస్తే, గర్భంలో ఒక బిడ్డలో పుట్టిన చెడ్డ కణం ఇద్దరూ పంచుకున్న మావిలోని రక్తనాళాల గుండా రెండో బిడ్డలోకి వెళ్లిందని తేలింది. తల్లిలో, తండ్రిలో ఆ లోపం లేదు.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనందరి మజ్జలోనూ వయసుతో పాటు చిన్న చిన్న జన్యుమార్పులు పేరుకుంటాయి. డీఎన్‌ఎంటీ3ఏ, టెట్2 లాంటి జన్యువుల్లో మార్పు వచ్చిన కణాలు 70 దాటినవాళ్లలో పది మందిలో ఒకరికంటే ఎక్కువ మందికి రక్తంలో కనిపిస్తాయని 2014లో వచ్చిన పెద్ద అధ్యయనాలు చూపించాయి. వాళ్లలో క్యాన్సర్‌గా మారేది ఏడాదికి నూటికి ఒకరో, అంతకంటే తక్కువో. అంటే రక్త క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి పెద్ద కారణం వయసే. ఆ తర్వాతే మిగతావన్నీ.

అయితే కొన్ని కుటుంబాల్లో మాత్రం వంశం నిజంగా ముఖ్యమే. వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. సీఎల్‌ఎల్ అనే లుకేమియా ఉన్నవాళ్ల దగ్గరి బంధువులకు అదే జబ్బు వచ్చే అవకాశం ఎనిమిది రెట్ల దాకా ఉంటుందని స్వీడన్ రికార్డుల్లో తేలింది. అన్ని రక్త క్యాన్సర్లలోకీ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించేది అదే. అయితే ఆ జబ్బు పాశ్చాత్యుల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువ. ఇక రన్‌ఎక్స్1, గాటా2, డీడీఎక్స్41 లాంటి కొన్ని జన్యువుల్లో లోపం తల్లి నుంచో తండ్రి నుంచో నేరుగా పిల్లలకు వస్తుంది. ఆ ఇళ్లలో ఒకరి తర్వాత ఒకరికి లుకేమియా రావచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు కూడా లుకేమియా ముప్పు మిగతా పిల్లలకంటే చాలా రెట్లు ఎక్కువ.

మరి మనం ఎప్పుడు అనుమానించాలి? నేను కుటుంబ చరిత్ర రాసుకునేటప్పుడు ఇవి అడుగుతాను. రక్తసంబంధీకుల్లో ఇద్దరికో అంతకంటే ఎక్కువ మందికో రక్త క్యాన్సర్ వచ్చిందా? 50 లోపు వయసులో లుకేమియా వచ్చినవాళ్లున్నారా? ఇంట్లో ఇద్దరు ముగ్గురికి చిన్నప్పటి నుంచీ ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటున్నాయా? ఒకే కుటుంబంలో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, పిల్లల్లో ఎముక లేదా మెదడు గడ్డ, లుకేమియా ఇవన్నీ కనిపిస్తున్నాయా? వీటిలో ఏదైనా ఉంటే జన్యు సలహా తీసుకోవడం అవసరం. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో ఇవేవీ లేవు. ఒకే ఒక్క మనిషికి, 64 ఏళ్లకు, మైలోమా. అది అందరికీ వచ్చే పద్ధతిలోనే వచ్చింది.

ఇక్కడ మన సీమలో తప్పకుండా వచ్చే ఇంకో ప్రశ్న మేనరికం. 'మేనమామ కొడుకును చేసుకున్నాను, అందుకే బిడ్డకు బ్లడ్ క్యాన్సర్ వచ్చిందా సార్?' అని తల్లులు కన్నీళ్లు పెట్టుకుంటారు. పెద్దవాళ్లకు మామూలుగా వచ్చే మైలోమా, సీఎంఎల్, లింఫోమాలకు (ఇవి లింఫు గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్లు) మేనరికం కారణం అని చెప్పడానికి ఆధారం లేదు. కానీ ఒక చోట మాత్రం సంబంధం ఉంది. ఫ్యాంకోనీ ఎనీమియా లాంటి జబ్బులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ కాపీలు కలిస్తేనే వస్తాయి. దగ్గరి సంబంధాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. బిడ్డ పొట్టిగా ఉండి, బొటనవేలు సరిగా ఏర్పడక, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలుండి, రక్తకణాలు తగ్గిపోతూ ఉంటే ఈ జబ్బు ఉందేమో చూడాలి. వీళ్లకు లుకేమియా ముప్పు చాలా ఎక్కువ, పైగా మామూలు మోతాదు కీమోను తట్టుకోలేరు. అందుకే ముందే తెలియడం ముఖ్యం. బిడ్డకు జబ్బు వచ్చిందని తల్లిని నిందించే ఇళ్లను చాలా చూశాను. ఆ రెండు కాపీల్లో ఒకటి తండ్రిదే అని నేను ప్రతిసారీ అందరి ముందూ చెబుతాను.

ఇప్పుడు బరువు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2016లో ఉన్న ఆధారాలన్నీ పరిశీలించి, ఒంట్లో అదనపు కొవ్వు లేకుండా ఉంటే 13 రకాల క్యాన్సర్ల ముప్పు తగ్గుతుందని తేల్చింది. ఆ 13లో రక్తానికి సంబంధించినది ఒక్కటే, అది మల్టిపుల్ మైలోమా. బాగా ఎక్కువ ఊబకాయం ఉన్నవాళ్లకు మామూలు బరువు ఉన్నవాళ్లకంటే సుమారు ఒకటిన్నర రెట్లు ముప్పు అని ఆ లెక్క. లింఫోమాల్లో డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ అనే రకానికి ఆధారం ఉంది కానీ అంత బలంగా లేదు. లుకేమియాకు సంబంధం కనిపిస్తుంది కానీ చిన్నది. బ్రిటన్‌లో 50 లక్షల మందికి పైగా రికార్డులు పరిశీలించిన 2014 అధ్యయనంలో బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) అయిదు పెరిగితే లుకేమియా ముప్పు సుమారు 9 శాతం పెరిగింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగాకు కలిపే ముప్పుతో పోలిస్తే ఇది ఎంతో తక్కువ.

మైలోమాకు ఎందుకు ఎక్కువ? పొట్ట కొవ్వు ఊరికే పడి ఉండదు. అది ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు రసాయనాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. మైలోమా కణం పెరగడానికి వాడుకునే ముఖ్యమైన సంకేతాల్లో ఇంటర్‌ల్యూకిన్-6 ఒకటి. ఇన్సులిన్ ఎక్కువగా ఉండటం, దానితోపాటు ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోను కూడా కణాలను పెరగమని తోస్తాయి. మేలు చేసే అడిపోనెక్టిన్ అనే హార్మోను మాత్రం కొవ్వు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

మైలోమా ఒక్కసారిగా రాదు. దానికి ముందు చాలా ఏళ్లు ఎంజీయూఎస్ అనే దశ ఉంటుంది. రక్తంలో ఒక అసాధారణ ప్రోటీన్ కొద్దిగా ఉంటుంది, మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. 50 దాటినవాళ్లలో నూటికి ముగ్గురికి ఇది ఉంటుందనీ, వాళ్లలో ఏడాదికి నూటికి ఒకరే మైలోమా లాంటి జబ్బు వైపు వెళ్తారనీ అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో చేసిన దీర్ఘకాల అధ్యయనం చెబుతుంది. బరువు ప్రభావం ఇక్కడ బాగా తెలుస్తుంది. అమెరికా మాజీ సైనికుల్లో ఎంజీయూఎస్ ఉన్నవాళ్లను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, అధిక బరువున్నవాళ్లకు అది మైలోమాగా మారే ముప్పు 55 శాతం ఎక్కువగా, ఊబకాయులకు దాదాపు రెట్టింపుగా కనిపించింది.

ఇప్పుడు వంశం, బరువు, ఈ రెండు సంఖ్యలూ కలిపి చూద్దాం. నాన్న వైపు నుంచి వెయ్యిలో ఇద్దరు అనుకున్నాం. దానికి బరువు ఒకటిన్నర రెట్లు కలిపినా వెయ్యిలో ముగ్గురు. ఇది గట్టి లెక్క కాదు, అంచనా మాత్రమే. కానీ రెండూ కలిసినా సంఖ్య ఎంత చిన్నదో తెలియడానికి రాశాను.

'బరువు కూడా వంశం నుంచే వస్తుంది కదా, నా చేతిలో ఏముంది' అని అడగొచ్చు. కొంతవరకు నిజం. ఎఫ్‌టీఓ అనే జన్యువులో ఒక రకం మార్పు రెండు కాపీలూ ఉన్నవాళ్లు, అసలు లేనివాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువ బరువుంటారని 2007లో కనుక్కున్నారు. మూడు కిలోలు, ముప్పై కాదు. ఆ జన్యువు ఉన్నా ఒళ్లు వంచి పనిచేసేవాళ్లలో దాని ప్రభావం తగ్గుతుందని తర్వాత తెలిసింది.

మీ బీఎంఐ 33 దాటింది. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటకూడదు. మీరు 70 కిలోలకు రావాలని నేను అనను. ముందు అయిదు నుంచి తొమ్మిది కిలోలు తగ్గండి, అంటే మీ బరువులో అయిదు నుంచి పది శాతం. దానికే షుగరు, బీపీ, కాలేయంలో కొవ్వు బాగా తగ్గుతాయి. నిజం చెప్పాలంటే, 36 ఏళ్ల వయసులో 94 కిలోలున్న మనిషి గురించి నాకు మైలోమా భయం కంటే షుగరు, గుండెపోటు భయమే ఎక్కువ. మీ నాన్న జబ్బు మిమ్మల్ని ఆ వైపు కదిలిస్తే మంచిదే.

సంగటి మానేయమని, జొన్నరొట్టె మానేయమని ఎవరైనా చెబితే వినకండి. మన తిండిలో తప్పు అక్కడ లేదు. పొద్దున ఉగ్గాణితో పాటు నాలుగు బజ్జీలు, అంగట్లో కూర్చుని తాగే తీపి టీలు, రాత్రి పదింటికి అంగడి మూసి వచ్చాక కడుపు నిండా అన్నం, తిన్న వెంటనే పడుకోవడం, ఇవి మార్చండి. రోజూ ముప్పావుగంట గట్టి నడక. అంగట్లో కూర్చున్నచోటి నుంచి గంటకోసారి లేవండి. ఇంత చాలు. బరువు తగ్గిస్తే రక్త క్యాన్సర్ ముప్పు నిజంగా తగ్గుతుందా అంటే, స్వీడన్‌లో బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్న రెండు వేల మందినీ, చేయించుకోని దాదాపు అంతే మందినీ ఏళ్ల తరబడి గమనించారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో రక్త క్యాన్సర్లు సుమారు 40 శాతం తక్కువ వచ్చాయి. ఆ తేడా ముఖ్యంగా ఆడవాళ్లలోనే తెలిసింది.

ఈ బరువు మాటను ఇంటి మీద ఆయుధంగా వాడొద్దు. మీ నాన్న మాంసం తిన్నందుకో, లావుగా ఉన్నందుకో జబ్బు తెచ్చుకున్నారని ఎవరైనా అంటే అది అన్యాయం. మా వార్డులో ఉండేవాళ్లలో సన్నగా, కూలి పనిచేసి ఎముకలు తేలినవాళ్లే ఎక్కువ. బరువు ఒక చిన్న కారణం, అంతే. ఒక మనిషికి జబ్బు ఎందుకు వచ్చిందో ఏ డాక్టరూ వేలుపెట్టి చూపించలేడు.

దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటి జరుగుతోంది. బరువుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని విని, చికిత్సలో ఉన్న రోగికి తిండి మాన్పించేస్తున్నారు. రాయచోటి వైపు నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. మైలోమా చికిత్స మొదలైంది. 'క్యాన్సర్ కణాలకు అన్నం పెట్టకూడదు' అని ఎవరో చెప్పారట, అన్నం, గుడ్డు, పాలు అన్నీ ఆపేసి నెలపాటు రసాలు తాగించారు. కాళ్లు వాచి, లేచి నిలబడలేని స్థితిలో వచ్చారు. మందు మోతాదు వాయిదా వేయాల్సి వచ్చింది. చికిత్సలో ఉన్నప్పుడు బరువు తగ్గించే ప్రయత్నం డాక్టరును అడగకుండా చేయకండి. గుడ్డు, పప్పు, పెరుగు, బాగా ఉడికిన మాంసం తినాలి. మైలోమా చికిత్సలో ఇచ్చే డెక్సామెథసోన్ మాత్ర వల్ల షుగరు పెరుగుతుంది, దానికి స్వీట్లు ఆపి షుగరు మందు సర్దుకోవాలి, అన్నం మాన్పించకూడదు. పిల్లల లుకేమియాలో అయితే బక్కచిక్కిన బిడ్డ చికిత్సను తట్టుకోవడం ఇంకా కష్టం.

ఇక తనంతట తానే తగ్గిపోయే బరువు ఉంది. గుంతకల్లు నుంచి వచ్చిన ఒకాయన, షుగరు ఉన్న మనిషి, అయిదారు నెలల్లో పది కిలోలు తగ్గి సంతోషించారు. ఆయన తిండి మార్చలేదు, నడక లేదు. రాత్రిళ్లు బనీను తడిసేలా చెమటలు పట్టేవి. మెడ దగ్గర గడ్డ తేలాక వచ్చారు. లింఫోమా. ప్రయత్నం లేకుండా ఆరు నెలల్లో బరువులో పదో వంతు తగ్గితే, అది శుభవార్త కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సంగతి.

మైలోమా ఎక్కువగా మోసం చేసేది నడుము నొప్పి రూపంలో. 55 దాటిన మనిషికి నెలల తరబడి తగ్గని నడుము నొప్పి, దాంతో పాటు రక్తం తక్కువ, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) ఎక్కువ, ఈ మూడూ కలిస్తే దాన్ని వయసు నొప్పి అనుకుని నొప్పిమాత్రలు వేసుకుంటూ కూర్చోకూడదు. ఆ మాత్రలే మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి. సీబీసీ, పెరిఫెరల్ స్మియర్, కాల్షియం, క్రియాటినిన్, సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలో అసాధారణ ప్రోటీన్ ఉందేమో చూసే పరీక్ష), వీటితో చాలావరకు దారి తెలుస్తుంది. కర్నూలు, కడప, అనంతపురం పెద్దాసుపత్రుల్లో మొదటి పరీక్షలు జరుగుతాయి. ఖర్చుకు భయపడి ఆగొద్దు. క్యాన్సర్ చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉంది. ఆరోగ్యశ్రీ పేరుతో ఆ పథకం 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి.

ఇప్పుడు జీన్ టెస్ట్. మీకు ఎవరో ఉమ్మి డబ్బాలో పంపితే అన్ని క్యాన్సర్ల జన్యువులూ చూస్తామని చెప్పారని రాశారు. వద్దు. మామూలు మైలోమాకు 'వస్తుంది, రాదు' అని చెప్పే ఒక్క జన్యువు లేదు. ముప్పును ఇసుమంత పెంచే చిన్న చిన్న మార్పులు చాలా ఉన్నాయి, వాటి వల్ల మీరు చేసే పని ఏదీ మారదు. నిజంగా వంశపారంపర్య లోపం అనుమానం ఉన్న ఇంట్లో అయితే పరీక్ష ముందు రోగికి చేస్తారు. అది కూడా రక్తంతో చేస్తే తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఆ రక్తంలోనే క్యాన్సర్ కణాల మార్పులు కలిసి ఉంటాయి. చర్మం ముక్క తీసి, ఆ కణాలను పెంచి చూస్తారు. అక్కడ లోపం దొరికితే అప్పుడు పిల్లలకు, తోబుట్టువులకు చూస్తారు. మజ్జ మార్పిడికి అన్నో చెల్లో దాతగా నిలిచే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం, అదే లోపం ఉన్న మజ్జను ఎక్కించకూడదు కదా.

ఎంజీయూఎస్ కోసం మీకు ఏటా ఎలక్ట్రోఫోరెసిస్ చేయించాలా? ఒక్కరికే జబ్బు వచ్చిన ఇంట్లో, ఏ ఇబ్బందీ లేని పిల్లలందరికీ ఏటా చేయమని నేను చెప్పను. ఐస్‌లాండ్‌లో 40 దాటిన 80 వేల మందికి పైగా పేర్లు నమోదు చేసుకుని, ఇలా ముందే వెతకడం వల్ల మేలు జరుగుతుందా అని పెద్ద అధ్యయనం చేస్తున్నారు. అంతదాకా మీకు నా సలహా: ఇప్పుడు ఒకసారి సీబీసీ, క్రియాటినిన్, షుగరు, కొలెస్టరాల్, బీపీ చూపించుకోండి. మనసు మరీ పీకుతుంటే 50 దగ్గర పడ్డాక ఒకసారి ఎలక్ట్రోఫోరెసిస్ చేయించుకోండి. ట్యూమర్ మార్కర్ ప్యాకేజీలకు డబ్బు పెట్టకండి.

బరువు, వంశం కాకుండా రక్త క్యాన్సర్లకు తెలిసిన కారణాలు ఇంకా ఉన్నాయి, త్వరగా చెబుతాను. బీడీ, సిగరెట్ ఏఎంఎల్ అనే లుకేమియా ముప్పు పెంచుతాయి. బెంజీన్ అనే రసాయనపు ఆవిరి లుకేమియాకు తెలిసిన కారణం. లిండేన్ అనే పురుగుమందు నాన్-హాడ్కిన్ లింఫోమాకు కారణమని ఐఏఆర్‌సీ 2015లో నిర్ధారించింది. పత్తికి, మిరపకు మందు కొట్టే రైతులు ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా కొట్టడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. మీ ఊరివాళ్లకు ఈ ఒక్క మాట చెప్పండి.

చివరిగా మీ చెల్లెలి సంగతి. ఈ జవాబులో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మైలోమా ఒకరి నుంచి ఒకరికి అంటదు. మీ చెల్లెలికి వచ్చే అవకాశం పైన చెప్పిన వెయ్యిలో ఇద్దరు, అది కూడా అరవై, డెబ్బై ఏళ్ల వయసులో. ఆమె పిల్లలకు అంతకంటే తక్కువ. అటువైపు పెద్దమనుషుల ఇళ్లలో షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఉండే ఉంటారు, పిల్లలకు అవి వచ్చే అవకాశం దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాచిపెట్టకండి, దాస్తే తర్వాత ఇంకో అనుమానం పుడుతుంది. మీ నాన్న ఫైలు పట్టుకుని వరుణ్ణి, వాళ్ల నాన్ననూ వెంటబెట్టుకుని దగ్గర్లోని క్యాన్సర్ డాక్టరునో రక్తవ్యాధుల డాక్టరునో కలవండి. మా దగ్గరికి ఇలా రెండు వైపులవాళ్లూ కలిసి వచ్చి, కూర్చుని, ప్రశ్నలన్నీ అడిగి వెళ్లి పెళ్లి చేసుకున్నవాళ్లున్నారు. పెళ్లికొడుకు తల్లి అడిగే ప్రశ్నకు బంధువు చెప్పే జవాబు వేరు, డాక్టరు చెప్పే జవాబు వేరు.

ఆ ఫైలును మాత్రం పారేయకండి. చనిపోయాక చాలా ఇళ్లలో కళ్లముందు ఉంటే బాధగా ఉందని కాగితాలు తీసేస్తారు. మజ్జ పరీక్ష రిపోర్టు, ఫిష్ రిపోర్టు, డిశ్చార్జ్ కాగితం, ఈ మూడూ ఫోన్లో ఫోటో తీసి మీ దగ్గర ఒకటి, చెల్లెలి దగ్గర ఒకటి ఉంచుకోండి. ఎప్పుడైనా మీ బాబాయికో అత్తకో రక్తంలో తేడా వస్తే, అక్కడ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న 'మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా, ఏ రకం?' అనే. 'బ్లడ్ క్యాన్సర్' అని చెబితే సరిపోదు, మైలోమానా, లుకేమియానా, లింఫోమానా అనేది ఆ కాగితంలోనే ఉంటుంది.